ఓపికతో నడిచే బండి

విజయవాడలో సరుకులు చేరవేసే అద్దె ఎలక్ట్రిక్ వ్యాన్లు కరెంటు మానేసి మనుషుల ఓపికతో నడవడం మొదలుపెట్టింది జూన్ పదకొండున. ఆ మధ్యాహ్నం రంగనాయకులు ఇంట్లో దొండకాయ వేపుడు, మజ్జిగపులుసు. కరెంటు ఖరీదైందనీ, ఓపిక మాత్రం ప్రతి ఇంట్లోనూ ఊరికే పడి ఉందనీ అద్దె కంపెనీ వివరించింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. వానలో కూడా పనిచేస్తుందా అని కొందరు అడిగారు.

రంగనాయకులు టిఫిన్ హోటళ్లకు ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి పంపుతాడు. అతను అడిగిన వ్యానుతోపాటు కంపెనీ మనిషి, బీపీ మిషను లాంటి పరికరం ఒకటి తెచ్చాడు. ముందు రంగనాయకులు చేతికి కట్టాడు. ముల్లు కదల్లేదు. అందుకు రంగనాయకులు సిగ్గుపడలేదు. తనకు ఓపిక లేదని అతను రోజూ అందరికీ చెబుతూనే ఉంటాడు.

"మా ఆవిడకి మహా ఓపికండీ," అన్నాడు గర్వంగా.

ఇందుమతి గిన్నెలు తోముతోంది. పిలిస్తే వచ్చి, చెయ్యి పైటకు తుడుచుకుని చాపింది. ముల్లు చివరిదాకా వెళ్లి అక్కడే నిలిచింది. ఇంత ఓపిక పెద్దాసుపత్రి ఓపీ వరసలో తప్ప ఎక్కడా చూడలేదని కంపెనీ మనిషి మెచ్చుకున్నాడు. ఆమె సమ్మతి అడగాలన్న నిబంధన ఉంది. అడిగితే సరే అంటుందని తెలుసు కాబట్టి, అడక్కుండానే ఆమె ఓపికను బండి ఖాతాలో నమోదు చేశారు.

చదును రోడ్డు మీద బండి తక్కువ తాగేది. ఫ్లైఓవర్ ఎక్కితే ఎక్కువ. హారన్‌కీ, తలుపు దబాలున వేసినందుకూ కొంత పోయేది. ఇంట్లో పిండి కలుపుతున్న ఇందుమతి ఉన్నట్టుండి గోడకు ఆనుకుంటే, బండి ఎక్కడో ఎత్తు ఎక్కుతోందని అర్థం. డ్రైవర్ పరంజ్యోతి ఈ సంగతి మొదటి వారంలోనే గ్రహించాడు. అప్పట్నుంచి ఫ్లైఓవర్ కిందనుంచి చుట్టు తిరిగి వెళ్లేవాడు. హారన్ కొట్టకుండా కిటికీలోంచి తల బయటపెట్టి, "కాస్త జరగండి బాబూ" అనేవాడు. ఆ పని అతనికి ఎవరూ చెప్పలేదు.

శ్రావణంలో పెళ్లి ఆర్డరు వచ్చింది. కల్యాణ మండపం మొగల్రాజపురం కొండ మీద. పెళ్లిరోజు తెల్లవారుజామునే ఇందుమతికి జ్వరం తగిలింది. పిండి డబ్బాలతో బండి కొండ కిందకు చేరేసరికి ఆమె మంచినీళ్ల గ్లాసు ఎత్తలేకపోయింది. పరంజ్యోతి బండి ఆపి ఫోన్ చేశాడు.

"బండిలో ముల్లు ఎర్రగీత మీదుంది సార్. ఇప్పుడు ఎక్కిస్తే అమ్మగారికి..." అని ఆగాడు. "డబ్బాలు నేను మోసుకెళ్తానండీ."

"పెళ్లివారు టిఫిన్లకి కూర్చుంటున్నారయ్యా. నువ్వు మోసేదెప్పుడు, వాళ్లు తినేదెప్పుడు? ఎక్కించు."

బండి కదల్లేదు. రంగనాయకులు కంపెనీకి ఫోన్ చేశాడు. కాస్త ఓపిక పట్టండి అని ఒక తియ్యటి గొంతు చెప్పి, పాట పెట్టింది. పట్టాల్సిన ఓపిక కూడా నమోదైన ఖాతాలోంచే వెళ్తుంది. మంచం మీద ఇందుమతి కళ్లు మూతలుపడ్డాయి. పాట రెండో చరణానికి వచ్చేసరికి ఆమె, కాపురానికి వచ్చాక ఎప్పుడూ అనని మాట అంది.

"నాకు ఓపిక లేదండీ."

రంగనాయకులు ఫోన్‌కేసి చూశాడు, తర్వాత ఆమెకేసి. పాట ఆగి అధికారి లైన్లోకి వచ్చాడు. విన్నానన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"లేదని చెప్పడానికైనా ఓపిక ఉండాలి కదండీ. కాబట్టి ఉన్నట్టే."

"మరి చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఉన్నట్టేగా సార్."

ఇందులో తప్పేమీ రంగనాయకులుకు కనిపించలేదు. ఈలోగా పరంజ్యోతి బండికి తాళం వేసి, ఒక్కో డబ్బా భుజాన పెట్టుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టేశాడు. పెళ్లివారు దోసెలు ఆలస్యంగా తిన్నారు. నమోదు కాని ఓపిక వాడినందుకు కంపెనీ అతనికి మెమో ఇచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, జ్వరం తగ్గిందా అని అడిగి వెళ్లాడు.

ఖాతా పాడవకుండా ఉండాలంటే తీసుకోవలసిన జాగ్రత్తలు కంపెనీ ఫోన్లో చెప్పింది. కేకలు వేయకూడదు. రాత్రి వేడిపాలు ఇవ్వాలి. నిద్ర చెడగొట్టకూడదు. రంగనాయకులు అన్నీ పాటించాడు. కూరలో ఉప్పు తక్కువైనా కంచం నెట్టలేదు. టీవీ గొంతు తగ్గించాడు. వ్యాన్లు అద్దెకు తీసుకున్న మిగతా ఇళ్లలోనూ అలాగే జరగడంతో, సాయంత్రాలు ఆ వీధి నిశ్శబ్దంగా ఉండసాగింది.

ఇందుమతి చెల్లెలికి ఫోన్ చేసింది. "మీ బావగారు బాగా మారిపోయారే. పాలు ఆయనే కాచి ఇస్తున్నారు. ఇంతకంటే ఏం కావాలి చెప్పు?"

ఆ రాత్రి రంగనాయకులు బండిలో ముల్లు చూసుకున్నాడు. నిండుగా ఉంది. మర్నాడు కొండ మీదే మరో పెళ్లి. లోపలికి వచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. ఇన్నేళ్లూ దబాలున వేసే తలుపును అతను రెండు చేతులా పట్టుకుని, గడియ కింద వేలు అడ్డుపెట్టి, చప్పుడు కాకుండా మూశాడు.