కోటు మీద కాలేయం

ఆ రోజు పొద్దున దర్జీ గారింట్లో పనులన్నీ గడియారం ప్రకారం జరగాలని ముందురోజే తీర్మానమైంది. ఎనిమిదింటికల్లా డాక్టరు గారి కొత్త నల్లకోటు ఆయనకు చేరాలి. పదింటికి అమ్మాయి వైద్య కళాశాలలో ఇంటర్వ్యూకి హాజరు కావాలి. రెండేళ్లు రాతపరీక్ష దగ్గరే ఆగిపోయి, మూడో ఏడు గట్టెక్కిన పిల్ల. ఈ ఇంటర్వ్యూ ఒక్కటీ దాటితే సీటు వచ్చినట్టే. దాటకపోతే మళ్లీ మొదటినుంచీ చదివే ఓపిక తనకు లేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆమె చదువంతా ఇంటి కింద ఉన్న కొట్లోనే సాగింది. నిలువుటద్దం ముందు నిలబడి, గుండె ఇక్కడ, కాలేయం ఇక్కడ అంటూ తన ఒంటి మీదే వేలితో చూపించుకునేది. అదీ చాలకపోతే కొట్లోని నిలువెత్తు బొమ్మకు తొడిగిన కోట్ల మీద నాన్న సుద్దముక్కతో అవయవాలు గీసేది. సుద్ద గీతే కదా, బ్రష్షుతో రెండుసార్లు దులిపితే పోతుంది. ఆ పొద్దున కూడా డాక్టరు గారి కోటు ముందువైపు గుండె, కాలేయం, జీర్ణాశయం, వెనకవైపు రెండు మూత్రపిండాలు చకచకా గీసి, వచ్చి దులుపుదాంలే అని స్నానానికి వెళ్లింది. అక్కడ నాడీవ్యవస్థ మొత్తం తనకు తనే అప్పజెప్పుకుంటూ ముప్పావుగంట ఉండిపోయింది.

ఈలోగా బాబాయి కొట్టు తెరిచాడు. దర్జీ గారి తమ్ముడైన ఈయనది ముప్పై ఏళ్లుగా ఒకటే నియమం. అన్నయ్య గీస్తాడు, తను కుడతాడు. ఎందుకని అడగడు. చాలాకాలం కిందట ఒకసారి అడిగి చీవాట్లు తిన్నాడు. ఇప్పుడూ అంతే, తెల్ల గీత కనిపించింది గనక తెల్ల దారం ఎక్కించాడు. గుండె వంపుల దగ్గర కాస్త చెమట పట్టినా, చెయ్యి తిరిగినవాడు కాబట్టి పావుగంటలో అన్నీ కుట్టేసి, సుద్ద దులిపి, కోటు మడిచి, కాగితంలో చుట్టి దారం కట్టాడు. టీ తాగి వచ్చిన దర్జీ గారు ఆ పొట్లాన్ని అలాగే చంకన పెట్టుకుని వెళ్లి, డాక్టరు గారి కారులో పెట్టించి వచ్చారు.

అమ్మాయి కిందకు వచ్చేసరికి బొమ్మ బోసిగా ఉంది.

"బాబాయ్, కోటేదీ?"

"వెళ్లిపోయిందిగా! ఏం డిజైనమ్మా అది! ఆ వెనక రెండు చిక్కుడు గింజలు భలే కుదిరాయిలే."

"అవి చిక్కుడు గింజలు కావు బాబాయ్, మూత్రపిండాలు!"

విషయం అర్థమయ్యాక దర్జీ గారు అమ్మాయిని ఎక్కించుకుని స్కూటరు తీశారు. డాక్టరు గారి ఇంటికి తాళం వేసి ఉంది. "ఇవాళ కాలేజీలో ఇంటర్వ్యూలు చేసేది మా సారేగా" అన్నాడు కాపలావాడు గర్వంగా. అమ్మాయి స్కూటరు మీద కూలబడిపోయింది.

"అయిపోయింది నాన్నా. నా సీటు నేనే చేజేతులా పోగొట్టుకున్నా."

"ఊరుకో. ఆయన కోటు తొడుక్కునేలోగా పట్టుకుందాం" అన్నారు నాన్న. ఆ మాట ఆయనకే నమ్మకంగా అనిపించలేదు.

కాలేజీలో ఇంటర్వ్యూ గది తలుపు దగ్గర అటెండరు అడ్డుపడ్డాడు. కోటు మీద కాలేయం ఉందని చెప్పడానికి దర్జీ గారికి నోరు రాలేదు. "కోటులో సూది ఉండిపోయింది బాబూ, వేసుకోవద్దని చెప్పు" అనేశారు. అటెండరు "సార్, సూది!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తాడు. అప్పటికే కళ్లజోడు లేకుండా ఒక చెయ్యి తొడిగిన డాక్టరు గారు ఉలిక్కిపడి బల్లకు మోచెయ్యి కొట్టుకుని "అబ్బా!" అన్నారు. సూది దిగిందనుకున్నారు అందరూ. పక్కనున్న ఇద్దరు డాక్టర్లు ఆయన మాట వినిపించుకోకుండా నర్సును పిలిపించి ఇంజెక్షను చేయించారు. లేని సూది కోసం పెద్దాయన ఉన్న సూది పొడిపించుకోవాల్సి వచ్చింది.

తర్వాత సూది వెతుకుదామని కోటు బల్ల మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని చూశారు. సూది దొరకలేదు గానీ, తెల్ల దారంతో కుట్టిన అవయవాలన్నీ కనిపించాయి. ఆ తర్వాత ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. బయటికొచ్చిన ప్రతివాళ్లూ అదే చెప్పారు. "ఏదో కోటు చూపించి తప్పేంటి అంటున్నారు."

"కుట్టు వంకరగా ఉందన్నారా?" అని దర్జీ గారు ఆత్రంగా అడిగారు.

అమ్మాయి వంతు వచ్చింది. కోటు కుర్చీకి తగిలించి ఉంది. ఏదో ఒక జవాబు చెప్పి బయటపడొచ్చు. గీసిందెవరో ఇక్కడెవరికీ తెలియదు.

"కాలేయం కుడివైపు ఉండాలి సార్. ఎడమకు వచ్చింది."

"అది ఇందాక నలుగురు చెప్పారు. ఇంకా?"

"జీర్ణాశయమూ తారుమారైంది. గుండె కూడా ఎడమకు బదులు కుడికి వాలింది. వెనక కుడి మూత్రపిండం కాస్త కిందకుండాలి, రెండూ ఒకే వరసలో ఉన్నాయి."

"ఎవరమ్మా ఇన్ని తప్పులు చేసిన మహానుభావులు?"

అమ్మాయి కోటు వంక ఒకసారి చూసింది. "నేనే సార్. అద్దంలో చూసుకుని నేర్చుకున్నాను. అద్దంలో నా కుడి కుడివైపే కనిపిస్తుంది. మనిషి ఎదురుగా నిలబడితే ఆయన కుడి నా ఎడమకు వస్తుంది. పొద్దున తొందరలో అది మర్చిపోయాను. కోటు కాబట్టి సరిపోయింది. అదే మనిషైతే..."

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పెవరిదంటే నాదే అన్న డాక్టర్లను నా సర్వీసు మొత్తంలో ముగ్గుర్ని చూశానమ్మా. నువ్వింకా డాక్టరువి కూడా కాలేదు." పక్కనున్న ఇద్దరూ తలూపారు. ముగ్గురూ కాగితం మీద ఏదో రాశారు.

మధ్యాహ్నం జాబితా గోడకు అంటించారు. అందులో అమ్మాయి నంబరు మూడోది. తండ్రీ కూతుళ్లు దాన్ని నాలుగుసార్లు చదివారు. నాన్న నవ్వబోయి ఏడ్చేశారు. అంతలో డాక్టరు గారు ఆ కోటే తొడుక్కుని బయటికొచ్చారు. దర్జీ గారు చేతులు జోడించి, "సాయంత్రానికల్లా ఆ కుట్లన్నీ విప్పేసి ఇస్తానండీ" అన్నారు.

"వద్దొద్దు, ఇది క్లాసులో పనికొస్తుంది. నాకింకోటి కుట్టండి" అంటూ ఆయన భుజాలు ఒకసారి అటూ ఇటూ కదిపి చూసుకున్నారు.

"అంతా బాగుంది గానీ, చంకల దగ్గర కొంచెం పట్టేస్తోందయ్యా."