స్తంభంతో మాట్లాడిన బడి కమిటీ

ఆ పీట ఇట్లా లాక్కొని నా పక్కన కూర్చో తల్లీ. మా ఊరి బడి కమిటీలో పెద్దమనుషులు మర్యాద చెడకుండా ఎట్లా పోట్లాడుకునేవారో చెబుతాను. ఆ విద్య ఇప్పుడు ఎవరికీ రాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. ఆత్మకూరుకు కోసెడు దూరంలో మా పల్లె. కమిటీకి ప్రెసిడెంటు మల్లికార్జునం శెట్టి, వైస్ ప్రెసిడెంటు ఆయన సొంత బావమరిది శ్రీమన్నారాయణ శెట్టి. కలువాయిలో ఒక పెళ్ళి పంక్తిలో బావగారి విస్తట్లో విరిగిన అప్పడం పడింది. వడ్డించింది బావమరిది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అయినా ప్రజాసేవ ఆగకూడదు గదా. కమిటీ కూడే మా ఇంటి వసారాలో చెరోవైపు కూర్చొని, నడుమనున్న రాతి స్తంభంతో మాట్లాడేవారు.

"స్తంభమా, బడి కప్పు కారతా ఉండాది. కొందరికి కండ్లు కనపడవా ఏంది?" అనేవారు ప్రెసిడెంటు గారు.

"స్తంభమా, అప్పడంలో బీట కనపడిన కండ్లకు కప్పులో బొక్క ఇప్పుడా కనపడింది అని అడుగు" అనేవారు వైసు గారు.

స్తంభం ఎవరి పక్షమూ వహించలేదు. అంత నిష్పాక్షికమైన సభ్యుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కప్పు వాయిదా పడింది. పలకలు, పంతులుగారి కుర్చీ కూడా వాయిదా పడ్డాయి. నెల్లూరు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు, ఈ కమిటీలో ఒకరి మాటకు ఒకరు అడ్డు రావడం లేదని మెచ్చుకొని, మజ్జిగ తాగి వెళ్ళారు.

ఆ ఎండాకాలం టీచరు లిదియమ్మ వచ్చి మెట్టు కింద నిలబడింది.

"అయ్యా, బడిలో కుండ ఉండాది గానీ మా వాడ పిల్లోళ్ళను ముట్టనీరు. నీళ్ళకని ఏరు దాటి ఇంటికి పోయినోళ్ళు ఆ ఎండకు మళ్ళీ బడికి రావడంలేదు. అందరినీ ఆ కుండలోనే ముంచుకోనీండి."

ప్రెసిడెంటు గారు స్తంభం పక్కనుంచి తల వంచి చూశారు.

"ఏం నారాయణా, ఏమంటావు?"

"నువ్వెట్లంటే అట్లే బావా."

ఎంత ముద్దుగా మాట్లాడుకున్నారని. సర్కారు ఉత్తరువు ప్రకారం పిల్లల్లో తేడా చూపరాదు గనుక, అందరికీ సమానంగా కుండనే తీసివేయవలెనని ఏకగ్రీవంగా తీర్మానించారు. మన పిల్లల ఇళ్ళు బడి పక్కనే. వాళ్ళ ఇళ్ళు ఏటి అవతల. ఆ నెలాఖరుకు లిదియమ్మ క్లాసులో వెనక వరుస ఖాళీ అయింది. బావాబావమరుదులు కలిశారని ఊరంతా పులిహోర పంచారు.

ఇది మరిచిపోకు, నీ పిల్లలకూ చెప్పు. పెద్దమనుషులు ఒక్కటయ్యారని వింటే, నీళ్ళు ఎవరికి లేకుండా పోయాయో అడగమను. పులిహోర చేతికి రాకముందే అడగమను. వచ్చాక ఎవరూ అడగరు.