సాన్ మిగేల్ వాటా చుట్టలు

గురువారం పొద్దున్నే కొత్త చుట్టల రుచి చూడాలి, పదింటికల్లా ఏది మేలో తేల్చెయ్యాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి మేకమాంసం కూరతో భోంచేసి ఓ కునుకు తీయాలి. తంబోరిల్‌లో డోన్ ఎవరిస్తో చుట్టల కార్ఖానాలో పంతొమ్మిదేళ్లుగా రుచుల పెద్దగా ఉంటున్న ఎలీహియో వేసుకున్న లెక్క ఇదీ. ఆయన నాలుక గురించి ఊళ్లో కథలు చాలా ఉన్నాయి. అందులో ముప్పాతిక మువ్వీసం ఆయన చెప్పినవే.

కానీ మూడు రోజులుగా ఆయనకు జలుబు. ముక్కు రెండువైపులా బిగుసుకుపోయింది. భార్య సునిల్దా పొగలు కక్కే అల్లం టీ ఇస్తే ఊదుకోకుండా గుటుక్కున మింగాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. నాలుక కాలిపోయి చెప్పు తోలులా తయారైంది.

"ఇవాళ్టికి మానెయ్యరాదూ? ఒంట్లో బాలేదని కబురు పెడితే ఏం పోతుంది?" అంది సునిల్దా.

"కుర్చీ పోతుంది! ఆ అమౌరీ గాడు నేనెప్పుడు లేస్తానా అని కాచుక్కూచున్నాడు."

అమౌరీ యజమాని మేనల్లుడు. రాజధానిలో ఆరు వారాలు చుట్టల రుచి మీద చదువు వెలగబెట్టి, ఆ కాగితానికి పటం కట్టించుకొచ్చాడు. ఇవాళ బెల్జియం నుంచి మెర్టెన్స్ అనే వ్యాపారి వస్తున్నాడు. మరీ చప్పగా ఉండకూడదు, మరీ ఘాటుగానూ ఉండకూడదు, మధ్యరకానికి ఓ మెట్టు కింద ఉండే మేలు చుట్ట కావాలని ఆయన కోరిక. దానికోసం మూడు మిశ్రమాలు చుట్టించారు. మూడోది ఎలీహియో ఎనిమిది నెలలు తంటాలు పడి స్వయంగా కుదిర్చింది. ఈ బేరంలో ఆయన తడబడితే కుర్చీ మేనల్లుడిదేనని యజమాని ఎవరిస్తో ముందే అనేశాడు.

ఎలీహియో ధైర్యమల్లా ఒక్కటే. రుచి చూసే బల్ల దగ్గర అందరికంటే చిన్నవాడు ముందు మాట్లాడాలి, పెద్దవాడు ఆఖర్న. పెద్దల మాటకు చిన్నవాళ్లు తాన తందాన అనకుండా పెట్టుకున్న ఆనవాయితీ అది. ఈ పూటకి పెద్దవాడే తందాన అంటే సరిపోతుందని ఆయన నిశ్చయించుకున్నాడు.

దేవదారు బీరువాలోంచి కట్టలు తేవడం ఆయన పని. కట్టకు ఐదేసి చుట్టలు. ఒకటో మిశ్రమానికి పసుపు రిబ్బను, రెండోదానికి తెలుపు, మూడోదానికి ఎరుపు. మామూలు రోజుల్లో ప్రతి కట్టనూ వాసన చూసిగానీ బయటికి తీసేవాడు కాడు. ఇవాళ ముక్కు ఉందన్నమాటే గానీ పనికిరాదు కాబట్టి రంగు చూసి లాక్కొచ్చాడు. ఎర్ర రిబ్బను కట్టలు బీరువాలో రెండున్నాయని గమనించలేదు.

మొదటి రెండూ సాఫీగా గడిచాయి. అమౌరీ "ఎండుగడ్డి" అంటే ఎలీహియో "ఎండుగడ్డే" అన్నాడు. చక్కెర లేని టీతో అందరూ నోళ్లు కడుక్కున్నారు. మూడో చుట్ట వెలిగించారు.

"ఈసారి పెద్దాయన ముందు చెప్పాలి," అన్నాడు మెర్టెన్స్.

"మా ఆనవాయితీ ప్రకారం..." అంటూ ఎలీహియో గొణిగాడు.

"ఆనవాయితీ మీది, డబ్బు నాది. చెప్పండి."

ఎలీహియో ఓ దమ్ము లాగాడు. అది తన చుట్టే, ఎలా ఉండాలో తెలిసిందే కదా! కళ్లు మూసుకుని లంకించుకున్నాడు. "మొదట వెన్న. ఇప్పుడే తీసిన వెన్న. తర్వాత వేయించిన జీడిపప్పు. మధ్యకొచ్చేసరికి, ఆహా, వాన వెలిశాక దేవదారు చెక్క!"

అమౌరీ అప్పటికే దగ్గలేక చస్తున్నాడు. కానీ పటం కట్టించిన చదువు ఊరుకోనిస్తుందా? "తెల్ల మిరియాలు వదిలేశారు, డోన్ ఎలీహియో," అన్నాడు.

ఎవరిస్తో కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "మా నాయనమ్మ కాల్చిన రొట్టె గుర్తొస్తోందిరా," అంటూ తుడుచుకున్నాడు. మెర్టెన్స్ ముఖం పాలిపోయింది. ముగ్గురికి తెలిసిన రుచి తనకు తెలియలేదంటే రేపు స్వదేశంలో తలెత్తుకోగలడా? "కాఫీ పువ్వు!" అన్నాడు గట్టిగా. "ఇరవై వేల చుట్టలు పంపండి. అచ్చం ఇలాగే ఉండాలి." మిగిలిన ఐదో చుట్టను నమూనా అంటూ జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చుట్టలు చుట్టే నెరేయిదా ఎర్ర రిబ్బను కట్ట పట్టుకుని లోపలికొచ్చింది.

"డోన్ ఎలీహియో, మీ మూడో మిశ్రమం ఇదిగో, బీరువాలోనే ఉంది. మరి నా కట్ట ఎవరెత్తుకొచ్చారు? రేపు సాన్ మిగేల్ దేవుడి పండగ. ఆయన పటం ముందు పెట్టడానికి, ఎండిపోకుండా బీరువాలో దాచుకున్నాను!"

ఎవరిస్తో మెల్లగా అడిగాడు. "ఏ ఆకుతో చుట్టావే?"

"ఆకా? కాళ్లకింద ఊడ్చిన తుక్కు. నిరుడు పైకప్పు కారి బూజుపట్టిన ఆకు కాస్త. ఇన్నేళ్లలో సాన్ మిగేల్ బాలేదని ఒక్క మాటన్నాడా?"

ఎలీహియోకి తల కొట్టేసినట్టయింది. పంతొమ్మిదేళ్లలో ఆ బల్ల దగ్గర ఆయన అబద్ధమాడటం ఇదే మొదలు. అంతకుముందు ఆడినవన్నీ గొప్పలు. కుర్చీ పోతే పోయిందనుకుని లేచాడు.

"నన్ను క్షమించండి. నాకు జలుబు. నాలుక కాలింది. వెన్నా లేదు, జీడిపప్పూ లేదు, నాకసలేమీ తెలీలేదు. కుర్చీ అమౌరీకి ఇచ్చెయ్యండి."

కుర్చీ అంత దగ్గరికొచ్చినా అమౌరీ చెయ్యి చాపలేకపోయాడు. చాపితే, బూజులో తెల్ల మిరియాలు ఎలా తగిలాయో చెప్పాలి మరి.

"అంత మాటనకండి డోన్ ఎలీహియో," అన్నాడు. "ఆ ఘాటు నాకింకా గొంతులోనే ఉంది." అది మాత్రం నిజం.

"గొప్పవాళ్లకి వినయం ఎక్కువ," అన్నాడు ఎవరిస్తో.

"నా నాలుక పొరబడదు," అన్నాడు మెర్టెన్స్. "మీరు బూజంటారు, నేను పక్వం అంటాను. ముప్పై వేలు రాసుకోండి."

"నాకు తెలీలేదు మొర్రో అంటుంటే!" అని ఎలీహియో అరిచాడు.

"విన్నారా, ఎంత వినయమో!" అని అందరూ చప్పట్లు కొట్టారు. బతికున్నంతకాలం కుర్చీ ఆయనదేనని ఎవరిస్తో అక్కడికక్కడే ప్రకటించాడు. ఎలీహియో సిగ్గుతో చచ్చిపోతూ దానిలోనే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పైకప్పు రేకులు రెండు ఊడదీయించారు, ఆకు తడవాలి కదా. కార్ఖానాలో ఇకమీదట నెరేయిదా తప్ప ఎవరూ చీపురు ముట్టకూడదని హుకుం జారీ అయింది. ఎనిమిది నెలల కష్టంతో కుదిరిన అసలు మూడో మిశ్రమం ఎవరికీ అక్కర్లేకుండా బల్ల మీద పడుంటే, ఆమె దాన్నే ఇంటికి పట్టుకుపోయింది.

మర్నాడు సాన్ మిగేల్ పటం ముందు ఆ చుట్టలే పెట్టింది. ఆయన మామూలుగానే ఏమీ అనలేదు.