ఉపేంద్ర పెరట్లో రాళ్ళకట్ట

సోమవారం పొద్దున చాయ్ తాగుతూ ఉపేంద్ర ఆ వారానికి ఒకే పని పెట్టుకున్నాడు: పెరట్లో రాళ్ళు పేర్చడం. తెలుగు సరిహద్దు అవతల, ఎర్రబోరు దాటాక రోడ్డు పక్క ఊళ్ళో అతనికి మోటార్‌సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. నలభై ఆరేళ్ళ వయసు ఉంది. జగదల్‌పూర్‌లో కొన్న రిమోట్ బొమ్మ ట్రక్కు కూడా ఉంది. మూరెడు పొడవున్న ఆ ట్రక్కు పరుగెత్తదు, తాబేలులా పాకుతూ బండరాళ్ళు ఎక్కుతుంది. అదే దాని గొప్ప. అదే దుకాణంలో అలాంటిదే కొన్న, రైల్వేలో పనిచేసే రాజ్‌కుమార్ ఆదివారం పందేనికి వస్తానన్నాడు.

భార్య సునీతకు పందెం సంగతి పట్టలేదు. పెరడంటే ఆమెకు మిరప కల్లం. చేలో కాయ ఎర్రబడింది. వచ్చే సోమవారమే కోత.

"ఆదివారం సాయంత్రానికి ఒక్క రాయి కనబడొద్దు. లేకుంటే కాయ తెచ్చి నీ నెత్తి మీద ఎండబోస్త."

"పొద్దుగూకే లోపు తీసేస్తనే. ఒట్టు."

ఊళ్ళో ట్రాక్టర్ నడిపే జోగ వాగులోంచి రాళ్ళు తెచ్చాడు. దించుతూ జోగ అడగాల్సిందే అడిగాడు. "ఇన్ని రాళ్ళు ఎందుకన్నా?"

నలభై ఆరేళ్ళ మనిషి బొమ్మబండి కోసమని చెప్పలేడు. "నీళ్ళు ఆగనీకి," అన్నాడు. స్నానాల నీళ్ళు తప్ప ఆ పెరట్లోకి వేరే నీళ్ళు వచ్చిన చరిత్ర లేదు. జోగ మర్యాదస్తుడు, ఆ మాట ఎత్తలేదు. దారిలో ఎదురైన పంచాయతీ కార్యదర్శికి, అక్కడి మాటలో సచివ్‌కు, మాత్రం చెప్పాడు.

అది మార్చి నెల. మార్చిలో సర్కారు కొలువు చేసేవాళ్ళ ముఖాలు పుస్తకం తెరవకుండా పరీక్షకొచ్చిన పిల్లల ముఖాల్లా ఉంటాయి. సచివ్ నవీన్‌కుమార్ వాగుకు అడ్డంగా ఒక రాళ్ళకట్ట కట్టించాలి. ఏడాది పొడుగునా మీటింగుల్లో కట్టాడు. నెలాఖరుకల్లా అది ఫోటోలో కనబడాలి.

బుధవారం అతను వచ్చేసరికి పెరట్లో ఏటవాలు బండ, జారుడు రాయి, వాటి మధ్య వెదురు వంతెన తయారయ్యాయి. ట్రక్కు తగలకుండా దూరాల్సిన చోటల్లా ఉపేంద్ర రెండేసి పుల్లలు పాతి ఎర్ర గుడ్డపీలికలు కట్టాడు.

"నీటిమట్టం గుర్తులు గూడ పెట్టినవా అన్నా! మా ఇంజనీరుకే తట్టలే."

"సచివ్ సాబ్, అసలు సంగతేందంటే..."

"సంగతి తర్వాత. పార పట్టుకో. ఇటు చూడు. నవ్వకు, కష్టపడ్డట్టుండాలె."

ఫోన్ ఫోటో తీసింది. ఫోటోతో పాటు ఆ చోటు ఎక్కడుందో కూడా పైకి పంపింది. వాగు అక్కడికి కిలోమీటరు దూరం. ఆ విషయం ఫోన్‌కు తెలియదు, తెలిసిన సచివ్ చెప్పలేదు.

శనివారం సాయంత్రం నవీన్‌కుమార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, కొంప మునిగింది. ఫోటో పైవాళ్ళకు నచ్చిందంట. రేపు పెద్ద సాహెబ్ జాంచ్‌కు వస్తుండు, తనిఖీ చేస్తడంట."

"వాగు కాడికి తీస్కపో."

"వాగు కాడ ఏముంది? వాగుంది."

"అయితే నిజం చెప్పెయ్."

"మార్చిలోనా?"

ఆదివారం జోగ నీళ్ళ ట్యాంకర్ గోడవతల నక్కింది. దాని పైపు అరటిచెట్ల వెనక దాక్కుంది. సాహెబ్ జీపు దిగగానే రాళ్ళ మధ్య నీళ్ళు గలగలా పారాయి. ఆయన మెచ్చుకోడానికి నోరు తెరిచేలోపు రాజ్‌కుమార్ సంచీతో దిగబడ్డాడు.

"ఏటి గురూ, నీళ్ళు కూడా ఎట్టీసినావా! అదరగొట్టీసినావు!" అంటూ తన ట్రక్కును మొదటి రాయి మీద పెట్టాడు. అది నీళ్ళు చిమ్ముకుంటూ బండ ఎక్కింది.

"యే క్యా హై?" అన్నాడు సాహెబ్ ట్రక్కును చూపిస్తూ.

ఆయనకు తెలుగు రాదు, నవీన్‌కుమార్‌కు హిందీ తడుముకునే పని లేదు. "జాంచ్ మషీన్, సర్. రాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో ఎక్కి చూస్తుంది," అని ఆ భాషలోనే చెప్పాడు.

సాహెబ్ రిమోట్ అందుకుని అరగంట జాంచ్ చేశాడు. వంతెన దగ్గర మూడుసార్లు బోల్తా కొట్టించినా పట్టు విడవలేదు. రాజ్‌కుమార్ ట్రక్కులో బ్యాటరీ అయిపోతే ఉపేంద్ర ట్రక్కుతో కొనసాగించాడు. గుమ్మంలో సునీత నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పొద్దు వాలుతోంది. ఉపేంద్ర ఇక ఆగలేకపోయాడు.

"సాబ్, ఇది కట్ట కాదు," అన్నాడు వచ్చిన హిందీలో. "నేను ఆడుకోవడానికి పెట్టుకున్న రాళ్ళు. సాయంత్రానికి తీసెయ్యాలి."

సాహెబ్ కళ్ళు చెమర్చాయి. "ఇంత పని చేసి ఆట అంటున్నాడు! చూశారా, ఎంత వినయమో!" కొలువులో చేరిన నాటి నుంచి ఆయనకు ఎవరూ నిజం చెప్పి ఉండరు. అది ఎదురొచ్చినా గుర్తుపట్టలేకపోయాడు.

ఆదేశాలు అక్కడే పుట్టాయి. ఇది ఆదర్శ కట్ట. ఐదేళ్ళ దాకా ఒక్క రాయి కదలకూడదు. చుట్టూ ఇనుప జాలీ, గేటు, తాళం, బోర్డు. పరాయివాళ్ళకు ప్రవేశం లేదు.

"మరి తాళంచెవి?" అంది సునీత. అందరూ అటు తిరిగారు. "ఎవరో ఒకరు చూసుకోవాలె గద. మా మహిళా సంఘం చూసుకుంటదని చెప్పు సచివ్ సాబ్."

సాహెబ్ సంతోషంగా రాయించుకున్నాడు. రాజ్‌కుమార్ సంచీ సర్దుకున్నాడు. "పందెం ఇష్టం లేకపోతే ఫోన్లో చెప్పీయొచ్చు గదేటి గురూ. ఇంత గవర్నమెంటుని దించాలా?"

రెండు రోజుల్లో జాలీ వచ్చింది. నెలాఖరు కాబట్టి వచ్చింది. ఎండకు కాలిన బండల మీద సునీత మిరపకాయ నేల మీదకన్నా ముందే ఎండి గలగలమంది. జాలీ ఉంది కాబట్టి మేకల బెడద లేదు. కింది సందులోంచి కోళ్ళు మాత్రం దూరుతున్నాయి. వాటిని తోలడానికి కాయల మధ్య దారులు వదిలి, సునీత గేటు లోపల కుర్చీ వేసుకుని ఉపేంద్ర రిమోట్ ఒళ్ళో పెట్టుకుంది. ట్రక్కు మోటారు అరుపులకు కోళ్ళు ఊరవతల తేలుతున్నాయి.

"ఒక్కసారి ఇయ్యవే. ఆ వంతెన ఎక్కించి ఇచ్చేస్త," అన్నాడు ఉపేంద్ర జాలీ ఇవతల నుంచి.

"బోర్డు చూసుకో."

చూసుకున్నాడు. ప్రవేశం లేదన్న అక్షరాల పైన ఫోటోలో, పార పట్టుకుని నవ్వకుండా నిలబడి ఉన్నది అతనే.