శాలువా కప్పిన ఫిర్యాదు

ఏ సమస్యా తీరకుండా, ఎవరికీ కోపం రాకుండా ముగిసే మీటింగే అసలైన మీటింగ్! కాదనేవారు ఒక్కసారి మా ఆయన వెంట నంద్యాల వెళ్ళి రావాలి.

నేను వెళ్ళాను. ఆ ఉదయం ఆళ్లగడ్డలో బయల్దేరే ముందే మా వంటింట్లో ఒక చిన్న మీటింగ్ జరిగింది. అజెండా, కుక్కర్ గ్యాస్కెట్.

"నెల నుంచి చెప్తాండా, ఆవిరంతా పక్కనుంచే పోతాంది. పప్పు ఉడకడం లేదు" అన్నాను.

"గ్యాస్కెట్ బాగానే ఉంది. నీకే మూత బిగించేది రాదు" అన్నారు ఆయన.

పుట్టి ఇంతవరకు ఆ మూత ముట్టుకున్న మనిషి కాదు. అయినా ఎంత స్పష్టత!

మా ఆయన చెన్నకేశవులు, పొలాల్లో మందు కొట్టే బ్యాటరీ పంపుల డీలరు. ఈ ఏడు అమ్మినవాటిలో పదిహేడు, మూత దగ్గర కారుతున్నాయని రైతులు తెచ్చి మా వరండాలో పెట్టిపోయారు. ఏలీయా అనే రైతుకైతే మందు కారి వీపంతా బొబ్బలు లేచాయి. "పంపు మారుస్తావా, అంగడి మూసుకుంటావా?" అని అడిగి పోయాడు. అందుకే కంపెనీని కడిగేసి, పదిహేడింటికీ కొత్తవి తేవాలని మా ఆయన బయల్దేరారు. చాగలమర్రి, మిడుతూరు డీలర్లదీ ఇదే బాధ.

కంపెనీ తెలివి చూడండి! నంద్యాలలో డీలర్ల మీటింగ్‌కు వాట్సాప్‌లో ఆహ్వానం 'సతీసమేతంగా' అని పంపింది. పక్కన పట్టుచీరలో భార్య కూర్చుని ఉంటే ఎంతటివాడైనా నోటిదాకా వచ్చిన తిట్టు మింగాల్సిందే కదా?

అందరికంటే గట్టిగా అరిచేదెవరో కూడా వాళ్ళకు ముందే తెలుసు. మా ఆయన హాల్లో అడుగు పెట్టగానే కంపెనీ మేనేజర్ జయప్రకాష్ చేయి పట్టుకుని వేదిక ఎక్కించి, "నేటి సభాధ్యక్షులు" అని ప్రకటించాడు. దండ వేశాడు. శాలువా కప్పాడు. అధ్యక్షుడు ఫిర్యాదు చేస్తాడా? చేసేవాళ్ళను కూర్చోబెడతాడు!

మిడుతూరు డీలరు లేచి, "పంపులు కారుతాండాయప్పా!" అన్నాడు.

"టైం లేదన్నా, కూచో" అన్నారు మా ఆయన మైకులో.

చివర్లో జయప్రకాష్ తేల్చేశాడు. "పంపులో లోపం లేదు సార్. రైతులకే మూత బిగించేది రాదు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మైకు వైపు చూశారు.

తర్వాత అధ్యక్షులు కంపెనీకి కృతజ్ఞతలు చెప్పారు. బిర్యానీ తిన్నాం. డీలరుకొక కానుక ఇచ్చారు. ఏమిటనుకున్నారు? అదే పంపు! వరండాలో పద్దెనిమిదయ్యాయి.

ఈ పద్ధతి ఎన్ని చోట్ల పనికొస్తుందో ఆలోచించారా? కుళాయి నీళ్ళు రాలేదని అరిచేవాణ్ణి కుళాయి ఉత్సవ కమిటీకి చైర్మన్ చేయాలి. బస్సు రాలేదని గొడవ చేసేవాడికి బస్టాండులోనే దండ వేయాలి. మెడలో దండ ఉన్నవాడు గొడవా చేయడు, పరుగెత్తి బస్సూ ఎక్కడు!

మర్నాడు ఏలీయా వచ్చాడు. నేర్చుకున్న విద్య ఊరికే పోకూడదని మా ఆయన శాలువా తెచ్చి అతని భుజాల మీద కప్పబోయారు.

"ఏందన్నా ఇది?"

"సన్మానం, ఏలీయా."

"ఈపు మండుతాంటే సన్మానమేందన్నా? కొత్త పంపు యాడ?" అని, ఆ శాలువా పంపుల మీద పడేసి పోయాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయన పప్పు కలుపుకుని, "ఇది ఉడకనే లేదే!" అన్నారు.

"శాలువా కప్పురా, ఉడుకుతాది" అంది మా అత్త కమలాక్షమ్మ.

అప్పుడు నేను గరిటె కింద పెట్టి నిర్ణయం ప్రకటించాను. "ఈసారి మీటింగ్ మన వరండాలో. జయప్రకాష్‌ను సతీసమేతంగా పిలవండి. కానుకిచ్చిన పంపులో నీళ్ళు నింపి, మూత ఆయనే బిగించుకుని, మీటింగ్ అయ్యేదాకా వీపుకు తగిలించుకుని కూర్చోవాలి. అధ్యక్షుడు ఏలీయా."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "భలే చెప్పినావ్! మోసేవానికే కదా తెలిసేది, మూత సంగతి!"

"అదే నేనూ అంటాండా. రేపటి నుంచి కుక్కర్ మూత బిగించేది మీరే."

ఆయన కాసేపు కుక్కర్ వైపు, కాసేపు వరండా వైపు చూసి, మెల్లగా అడిగారు.

"ఆ గ్యాస్కెట్ సైజెంతో చెప్పు."