డ్రైవ్ ఉంది, పేరే లేదు

కంప్యూటర్‌కి తన పొట్టలో ఉన్న డిస్క్ డ్రైవ్ తనకే కనబడకపోవడం ఒక వరం. కోపం తెచ్చుకోకండి. పది రోజులు దాని ముందు కూర్చుని, ఆరుసార్లు విప్పి, ఆరుసార్లు బిగించి, చివరికి రెండు స్క్రూలు చేతిలో మిగిలిపోయాక ఈ మాట అంటున్నాను. ఆషామాషీగా అనడం లేదు.

ముందు జబ్బేమిటో చెప్పాలి. మా ఇంట్లో ఉన్నది లినక్స్ కంప్యూటర్. అందులో డ్రైవ్ ఉంటే సరిపోదు, దాన్ని పిలవడానికి ‘సీడీరామ్’ అని ఒక పేరు కూడా ఉండాలి. ఆ పేరునే లింకు అంటారు. వీడియో చూపించే ప్రోగ్రాం ఆ పేరు పెట్టి పిలుస్తుంది, డ్రైవ్ పలుకుతుంది. మా డ్రైవ్‌కి ఒంట్లో ఏ లోపమూ లేదు. బటన్ నొక్కితే పళ్లెం బయటికొస్తుంది, డిస్క్ పెడితే లోపలికి లాక్కుంటుంది, గిర్రున తిరుగుతుంది. కానీ ప్రోగ్రాం పిలిస్తే మాత్రం ‘అలాంటి పరికరం ఏదీ లేదు’ అని తెర మీద పడుతుంది. ఎదురుగా పచ్చలైటు వెలుగుతుండగానే!

దీన్ని వరం అనక ఏమంటారు?

బల్ల కిందికి దూరి కేబుళ్లు పీకి పెట్టగా పెట్టగా, పన్నెండేళ్లుగా వంగని నా నడుము వంగింది. తిరిగి లేవలేదనుకోండి, అది వేరే సంగతి. ఆ బల్ల కిందే, ఏనాడో పోయిందనుకున్న మా ఆవిడ చెవిదిద్దు దొరికింది. ఆ రోజంతా ఆవిడ నాతో ఎంత మర్యాదగా మాట్లాడిందంటే, మర్నాడు ఇంకేమైనా దొరుకుతుందేమోనని మళ్లీ దూరాను. బొద్దింక దొరికింది.

ఇక విజ్ఞానం మాట. ఇంటర్నెట్‌లో ఈ జబ్బుకి వైద్యం చెప్పేవాళ్లు కొల్లలు. నా గోడు వెళ్లబోసుకోగానే ఒకాయన ఏ వెర్షనో చెప్పమన్నాడు. చెప్పాను. ఆ వెర్షన్ వాడేవాళ్లకి సాయం చేయనన్నాడు. ఇంకొకాయన, ఈ రోజుల్లో డిస్కులెవరు వాడుతున్నారని నిలదీశాడు. నిజమే కదా, నేను అడిగింది నా తప్పే! మూడో ఆయనకి అచ్చం నా జబ్బే వచ్చిందట. ‘నయమైపోయింది, అందరికీ ధన్యవాదాలు’ అని రాసి వెళ్లిపోయాడు. ఎలా నయమైందో రాయలేదు. తొమ్మిదేళ్ల కిందట వెళ్లినవాడు మళ్లీ రాలేదు. నేను మాత్రం ఆయన కోసం రోజూ చూస్తున్నాను.

ఇంతకీ ఆ డిస్కులో ఏముందని మీరు అడగలేదు. అయినా చెబుతాను.

ఆ కంప్యూటర్ నాకంటే ముందు నుంచీ ఆ ఇంట్లో ఉంది. మా ఆవిడ మొదటి భర్త కొన్నది. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది, నేను ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. డిస్కులో ఉన్నది వాళ్ల పాప రెండో పుట్టినరోజు. తీసింది ఆయనే. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు, ఆ ఒక్క డిస్కులోనే ఉంది. పాపకి ఇప్పుడు పదకొండేళ్లు, వాళ్ల నాన్న గొంతు గుర్తులేదు. ఆయన తల్లికి చూపు తగ్గుతోంది. కళ్లు పూర్తిగా పోకముందే ఒకసారి కొడుకు తీసిన బొమ్మలు చూసి, వాడి మాట విని పోతానని కబురు పెట్టింది. ఆదివారం వస్తానంది.

పాత డ్రైవ్ రెండేళ్ల కిందటే చెడిపోయింది. కొత్తది తెచ్చి బిగించింది నేను. కాబట్టి పరువు కూడా నాదే పోవాలి.

ఇక్కడ ఇంకో వరం గురించి చెప్పుకోవాలి. పాప నన్ను ఏమీ అని పిలవదు. అమర్యాద ఏమీ లేదు, బంగారం లాంటి పిల్ల. నాకు జ్వరమొస్తే మాత్ర తెచ్చి మంచం పక్కన పెడుతుంది. పిలుపే లేదు. నేను మూడడుగుల దూరంలో కూర్చుని ఉండగా వంటింటి వైపు తిరిగి, “అమ్మా, డ్రైవ్ వచ్చిందేమో కనుక్కో” అంటుంది. మా ఆవిడ వంటింట్లోంచి “ఏమండీ, వచ్చిందా?” అంటుంది. “రాలేదు” అంటాను. “రాలేదటే” అని కబురు పాపకి వెనక్కి వెళుతుంది. ఎంత హాయి! పిలిస్తే పలకాలి, లేచి వెళ్లాలి. పిలవని మనిషికి ఆ శ్రమ లేదు. స్కూలు ఫారాల మీద సంతకాలు పెట్టుకుంటూ, సైకిల్ చైను ఎక్కించుకుంటూ, లెక్కల పరీక్షకి ముందు నోట్సు వెతికిపెట్టుకుంటూ నాలుగేళ్లు సుఖంగా గడిపేశాను.

ఆదివారం పొద్దున్నే పెద్దావిడ వచ్చేసింది. సోఫాలో కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, తెర వైపు చూస్తోంది. తెర మీద ‘అలాంటి పరికరం ఏదీ లేదు’. ఆవిడకి ఆ అక్షరాలు కనబడకపోవడం కూడా నా అదృష్టమే అనుకున్నాను. అప్పుడే మొదలైందేమోనని రెండుసార్లు అడిగింది. మా ఆవిడ కాఫీ ఇచ్చి ఆపింది.

అప్పుడు, ఇంటర్నెట్‌లో ఒక పాత చర్చ పట్టుకుని వెళితే, దొరికింది ఆ ఫైలు. పేర్ల ఫైలు. ఏ డ్రైవ్‌ని ఏ పేరుతో పిలవాలో కంప్యూటర్ అందులో రాసి పెట్టుకుంటుందట. తెరిస్తే రెండే లైన్లు. మొదటి లైనులో పాత డ్రైవ్ కంపెనీ, నంబరు, ఎదురుగా ‘సీడీరామ్’ అన్న పేరు. రెండో లైనులో నేను తెచ్చిన డ్రైవ్, ఎదురుగా ‘సీడీరామ్ 1’. అంటే, పాతది పోయి రెండేళ్లయినా దాని పేరు ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టింది! కొత్తదానికి పక్కన అంకె తగిలించి ఊరుకుంది. దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

మందు కూడా ఆ చర్చలోనే రాసి ఉంది. మొదటి లైను చెరిపేయాలి, రెండో లైనులో అంకె తీసేయాలి, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాలి. అంతే.

నేను చెరపడానికి చెయ్యి ఎత్తేసరికి పాప నా భుజం వెనక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

“పైన ఉన్నది ఎవరిది?” అంది. వంటింటి వైపు చూడకుండా, నన్నే.

“పాత డ్రైవ్‌ది. అది పోయింది కదా.”

“తీసేస్తే?”

“ఆ పేరు దీనికి వస్తుంది.”

తెర మీది మొదటి లైను మళ్లీ చదివింది. తర్వాత చిన్నగా అడిగింది. “తీసేయకుండా అవదా?”

పాఠకులారా, ఆ చర్చలో నలభైమంది తీసేయమన్నారు. వాళ్లెవరికీ ఈ ప్రశ్న రాలేదు, నాకూ రాలేదు. ఒకటికి రెండుసార్లు ఆలోచించి, అవుతుందన్నాను. ప్రోగ్రాం సెట్టింగులోకి వెళ్లి, అది పిలిచే పేరు పక్కన ఒక అంకె చేరిస్తే చాలు. పైలైను పైనే ఉంటుంది. ఇది తన పేరుతో ఇది పలుకుతుంది. కీబోర్డు పాప ముందుకి జరిపాను. ఒకటి అంకె తనే కొట్టింది.

బొమ్మ వచ్చింది. కేకు, రంగు కాగితాలు, కెమెరా వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్న రెండేళ్ల పిల్ల. వెనకనుంచి ఒక మగ గొంతు, “ఇటు చూడు తల్లీ, నాన్న వైపు చూడు” అంటోంది. పెద్దావిడ చేతిసంచి కింద పెట్టేసి ముందుకి వంగింది. మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. పాప వెళ్లి సోఫాలో నానమ్మ పక్కన కూర్చుంది. నేను వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను, అక్కడ నాకు పనేమీ లేదు.

ఇక దాచడం ఎందుకు? ఇది వరమూ కాదు, గిరమూ కాదు. పది రోజులు ఆ కంప్యూటర్ని తిట్టుకున్నాను గానీ నా ఏడుపు దానితో కాదు. పోయినవాడి పేరు నాకు ఇమ్మని నేనెప్పుడూ అడగలేదు. ఆ పేరు ఆయనదే, ఉండనివ్వండి. కానీ ఇంట్లో తిరుగుతున్న మనిషిని ఏదో ఒకటి అని పిలవాలి కదా! నంబరు వేసైనా సరే. నాలుగేళ్లు పచ్చలైటు వేసుకుని కూర్చున్నవాడికి ఆ మాత్రం ఆశ ఉండదా?

వీడియో అయిపోయింది. పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ వెయ్యమంది. పాప సోఫాలోంచి నా వైపు తిరిగింది.

“బాబాయ్, ఇంకోసారి పెట్టు.”

నాకు స్పష్టంగా వినబడింది. అయినా వినబడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. మళ్లీ పిలిచింది.