పాలియో బావ, వీగన్ బావ

మహేంద్రతనయ పొంగి మందస పొలాల్లో ఇసుక మేటలు వేసిన సంవత్సరం అది. వరద తీశాక ఒక ఉదయం సుమ్మాదేవి ఊరి అప్పలరాజు, నందిగాం ఊరి సూర్యారావు కలిసి టెక్కలి వెళ్లారు. షుగరు చూపించుకుని మధ్యాహ్నం భోజనానికి ఎవరింటికి వాళ్లు చేరాలన్నది ఆలోచన. డాక్టరు ఇద్దరి కాగితాలూ చూసి ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు.

"రెండు పూటలా నడవండి. తిండి తగ్గించండి. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే రోజూ పొట్ట మీద ఇంజక్షనే."

అప్పలరాజు పామును తోక పట్టి అవతల పారేయగల మనిషి. సూది పేరు చెబితే మాత్రం వీధిలోకి పరుగెత్తుతాడు. సూర్యారావు ఆపాటి ధైర్యవంతుడు కూడా కాదు. నడక సంగతి ఇద్దరూ టెక్కలి బస్టాండులోనే మరిచిపోయారు. ఇంజక్షను సంగతి ఇంట్లో చెప్పుకోవడం చిన్నతనమని ఊరుకున్నారు. మిగిలింది తిండి.

వాళ్లది కుండమార్పిడి సంబంధం. అప్పలరాజు చెల్లెలు ధనలక్ష్మి సూర్యారావు భార్య. సూర్యారావు చెల్లెలు రత్నాలమ్మ అప్పలరాజు భార్య. ఒక ఇంట్లో గిన్నె జారితే రెండో ఇంట్లో చప్పుడు వినిపించేది.

ఆ ఆదివారం అప్పలరాజు కూతురు హిమజ విశాఖ హాస్టల్ నుంచి వచ్చింది. సూర్యారావు కూడా అక్కడే ఉన్నాడు. ఆడవాళ్లకు వినపడకుండా జీడితోటలో కూర్చుని, షుగరు తగ్గే తిండి ఏదో చెప్పమని ఆ పిల్లనే అడిగారు.

"రెండు పద్ధతులున్నాయి నాన్నా," అంది హిమజ. "ఒకటి పాలియో. వ్యవసాయం పుట్టకముందు మనిషి తిన్నదే తినాలి. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు. అన్నం, పప్పు, పాలు ఉండవు. రెండోది వీగన్. జంతువు నుంచి వచ్చింది ఏదీ ముట్టకూడదు. చేప, గుడ్డు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా."

"యవసాయం పుట్టకముందా?" సూర్యారావుకు కోపం వచ్చింది. "అంటే ఏటే గుంటా, నాను పండించిన వొరి తినీసి జనం రోగాలు తెచ్చుకున్నారా?"

"రెండోది మాత్తరం తక్కువేటి బావా?" అన్నాడు అప్పలరాజు. "పెరుగు తినకూడదంట. మరి గేదెకేటని సెప్తాం?"

"ఏది మంచిదన్నది మనిషిని బట్టి ఉంటుంది," అంది హిమజ.

వాళ్లూ మనిషిని బట్టే తేల్చుకున్నారు. అప్పలరాజుకు చేప లేనిదే పూట గడవదు కనుక పాలియోలో శాస్త్రం కనిపించింది. సూర్యారావుకు అన్నం లేనిదే కడుపు నిండదు కనుక వీగన్‌లో ధర్మం కనిపించింది.

"టెక్కల్లో తేలిపోద్దిలే బావా, సూది ఎవలికో," అని పందెం వేసుకుని విడిపోయారు. మర్నాడు హిమజ విశాఖ వెళ్లిపోయింది. కారణం తెలిసిన మూడో మనిషి లేకుండా పోయింది.

ఉద్దానం తీరం నుంచి ఎండుచేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగే బొడ్డమ్మకు రెండిళ్లూ పాత బేరాలే. నందిగాంలో ధనలక్ష్మి, "మా ఆయన సేప మానేసినాడే, ఒద్దు," అని గంప దించనివ్వలేదు. బొడ్డమ్మకు అది నచ్చలేదు.

"నాకేటిలే తల్లీ. మీ అన్న సంగతి సూసుకో. మొన్న ఎల్లేసరికి ఆయన కంచంలో మెతుకు నేదు. మీ వదిన ఒట్టి సేపముక్కలు పడీసి, అన్నం గిన్ని తన ముందరెట్టుకున్నాది. ఆయనకో ముద్దెట్టమ్మా అంటే, ఆయనకి నేదు అన్నాది."

తర్వాత సుమ్మాదేవిలో రత్నాలమ్మకు చెప్పింది. "మీ అన్న సిక్కిపోనాడమ్మా. ఆయనకి ఎండుసేప తోక కూడా కొనరు. గేదె వాకిట్లోనే ఉంది, మజ్జిగ సుక్క మాత్తరం ఆయన కంచంలో నేదు."

రెండూ నిజమే. బొడ్డమ్మ అబద్ధమాడే మనిషి కాదు.

మర్నాడు పొద్దున్నే ధనలక్ష్మి సంచీ సర్దుకుని నందిగాంలో బస్సెక్కింది. అదే పొద్దున రత్నాలమ్మ సంచీ సర్దుకుని సుమ్మాదేవిలో పాసింజరు రైలు ఎక్కింది. పలాస స్టేషన్ రోడ్డులో ఒకరి ఆటోకు ఎదురుగా ఒకరి ఆటో వచ్చింది. దుమ్ముకు ఇద్దరూ మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

అప్పలరాజు తోట నుంచి వచ్చేసరికి పొయ్యి దగ్గర చెల్లెలు ఉంది.

"వదినేదన్నయ్యా?"

"పక్కింటోలకి తాళం ఇచ్చీసి నందిగాం ఎల్లిపోనాదంట."

"సూసినావా! కూడెట్టలేదు సరికదా, నిన్నే ఒగ్గీసి పోనాది!"

"నేదే సెల్లీ. అన్నం నానే ఒద్దన్నాను."

"ఇంకా ఎనకేసుకురా!" ధనలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ అన్నం గుట్టగా పోసింది. పప్పు పోసింది. నెయ్యి పోసింది. పక్కన బెల్లం పరమాన్నం పెట్టింది. చెల్లెలు ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే ఆదిమానవుడైనా తింటాడు. అప్పలరాజు తిన్నాడు.

నందిగాంలో అదే వేళకు రత్నాలమ్మ రొయ్యల ఇగురు వండి, మీగడ పెరుగు గిన్నెతో అన్న ఎదుట కూర్చుంది. సూర్యారావు ధర్మం రెండో ముద్దకు దారి ఇచ్చింది.

సాయంత్రం ఫోను మోగింది.

"బావా, నా ఇంటిదాన్ని పంపీ," అన్నాడు అప్పలరాజు.

"ముందు నువ్వు నా ఇంటిదాన్ని పంపు."

"నా సెల్లి నా ఇంటికొచ్చింది. నానెలా పొమ్మంతాను?"

"మరి ఇక్కడున్నది నా సెల్లి కాదేటి?"

ఇద్దరూ న్యాయమే మాట్లాడారు. ఇద్దరూ ఫోను పెట్టేశారు.

వెళ్లి తీసుకురావడానికి పరువు అడ్డం. ఇంట్లో కూర్చుంటే చెల్లెలు గరిటె పట్టుకుని వస్తుంది. అప్పలరాజు, "కొబ్బరి లోడు సూసొత్తాను," అని పొద్దున పాసింజరు వేళకు ఊరికి ఆ చివరనున్న స్టేషన్‌కు నడిచాడు. బండి దిగిన ప్రతి ఆడమనిషి మొహమూ చూశాడు. సాయంత్రం బండికి మళ్లీ నడిచాడు. మర్నాడూ అంతే. రోజూ అంతే. స్టేషన్‌లో కొబ్బరి లోడూ లేదు, రత్నాలమ్మా లేదు. సూర్యారావు, ఎరువుల ధర కనుక్కుంటానని చెప్పి, నందిగాం నుంచి హైవే దాకా నడిచి పలాస బస్సులు లెక్కపెట్టేవాడు. ఎరువు కొనే అదను దాటిపోయింది కూడా.

నెల తిరిగింది. టెక్కలి ఆసుపత్రికి చెల్లెళ్లు ఎవరి అన్నను వాళ్లు తీసుకుని వచ్చారు. వదినలిద్దరూ బల్లకు చెరో చివర కూర్చున్నారు. మధ్యలో ఇద్దరు బావలు, సూది తలుచుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

డాక్టరు కాగితాలు చూసి కళ్లజోడు తీశాడు. "ఇద్దరికీ బాగా తగ్గిందే! ఏం చేశారు?"

"పాలియో!" అన్నాడు అప్పలరాజు.

"వీగన్!" అన్నాడు సూర్యారావు.

"అదేటన్నయ్యా?" అంది ధనలక్ష్మి. "రోజూ పరమాన్నం తిన్నావు గదా?"

"రొయ్యలు తినీసి ఈగనేటి?" అంది రత్నాలమ్మ.

అప్పుడు నిజం కక్కవలసి వచ్చింది. సూది, పందెం, వద్దన్న అన్నం, వద్దన్న చేప. వదినలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మగవాళ్లను చూశారు. సూదే నయమనిపించింది అప్పలరాజుకు.

"తిండి వల్ల కాదన్నమాట," అన్నాడు డాక్టరు. "నడిచారా?"

అప్పలరాజు నేల చూశాడు. "టేసనుకి."

"ఎందుకు?"

"బళ్లు సూడ్డానికి."

"రెండు పూట్లా?" అంది రత్నాలమ్మ. ఆయన తల ఊపాడు. ఆవిడ మొహం అటు తిప్పుకుని కొంగు సర్దుకుంది.

"నాను ఐవే కాడికి," అన్నాడు సూర్యారావు, ఎవరూ అడగకుండానే.

"ఇప్పటికి ఇంజక్షను అక్కర్లేదు," అన్నాడు డాక్టరు. "పరమాన్నం మానండి. ఆ నడక మాత్రం మానొద్దు. మానితే సూదే."

ఆ సాయంత్రం ఎవరి భార్య వాళ్లింటికి చేరింది.

మర్నాడు ఉదయం అప్పలరాజు అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. రత్నాలమ్మ ఇంట్లోనే ఉంది. స్టేషన్‌కు వెళ్లడానికి పనేమీ కనిపించలేదు. లేచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, నిన్న రాత్రి పులుసులో ఉప్పు ఎక్కువైందని, ఇలాంటి ఇంట్లో బతకలేనని, వాళ్ల అన్న దగ్గరికి పొమ్మని గట్టిగా దెబ్బలాట పెట్టుకున్నాడు.

రత్నాలమ్మ రొయ్యలు ఒలుస్తూ తల ఎత్తలేదు. "నానెక్కడికీ ఎల్లను. టేసనుకి దారి నీకు తెలుసు గదా."

అప్పలరాజు చెప్పులు వేసుకుని, ఎవరూ దిగనక్కర్లేని బండికి ఎదురు వెళ్లాడు.